మాటరాని పసివాడు: ఎంతవరకు ఆగవచ్చును?



నేడు నేను ముచ్చటింపబోవు విషయము పైకి చిన్నదిగా కనబడును. ఏడాదిన్నర, రెండేండ్లు వచ్చినను పసివానికి మాటలు రాకున్నచో ఎంతకాలము వేచియుండవచ్చును, ఎప్పుడు వైద్యునికడకు కొనిపోవలయును అనునదే ఆ విషయము. ఇది తల్లులకు చెప్పవలసినది గదా, ముసలివారమైన మాకేల యని మీరనుకొనవచ్చును. తల్లులకు చెప్పనక్కరలేదు. వారు మనకంటె ముందే కనిపెట్టియుందురు. మన యిండ్లలో "తొందరపడకుడు, వచ్చునులే" అను మాట పలుకువారము మీరును నేనును. పెద్దలు వద్దన్న పనికి కోడలు గాని కూతురు గాని గడప దాటదు. ఆ మాట నేనొకప్పుడు పలికి తప్పు చేసితిని. కావుననే దానిని గూర్చి మీయెదుట మాటలాడ సాహసించుచున్నాను.

నేను తెనాలి చెంత పల్లెలో ముప్పది యేండ్లకు పైగా పిల్లలకు చదువు చెప్పినవాడను. మా అమ్మాయిని రేపల్లెలో ఇచ్చితిమి. 2016లో ఆమెకు మగబిడ్డ కలిగెను. బిడ్డ చక్కగా పెరుగుచుండెను. వేళకు బోరగిలపడెను, పాకెను, నడచెను. పది నెలల వయస్సున మా అమ్మాయి నాతో, "నాన్నగారూ, వీడు వెనుకనుండి పిలిచిన తిరిగి చూచుట లేదు" అని చెప్పెను. నేను వెంటనే ఒక స్టీలు పళ్ళెమును తెప్పించి, పిల్లవాని వెనుక నిలిచి గరిటెతో గట్టిగా మ్రోగించితిని. వాడు చటుక్కున తిరిగెను. "చూచితివా? వీని చెవులకేమియు లోపము లేదు" అంటిని. బడిపంతులు పెట్టిన పరీక్ష గదా! ఇంక ఎవరును మారు మాటాడలేదు.

ఏడాదిన్నర గడచెను. పిల్లవాడు ఒక్క మాటయైనను పలుకలేదు. అప్పుడు నాకు దొరికిన రెండవ సాక్ష్యము బాపట్లలోని మా బావమరిది మనుమడు. ఆ పిల్లవాడు రెండున్నర యేండ్ల వరకు నాలుగైదు మాటలకు మించి పలికి యెరుగడు. మూడవ యేడు నిండుసరికి వాని నోరు మూయించుట ఎవరి తరమును కాలేదు. అందరును వానిని వసపిట్ట యని పిలువసాగిరి. "మగపిల్లలకు మాట ఆలస్యము. మన బాపట్లవాడు చూడుము" అని నేను మా అమ్మాయికి ధైర్యము చెప్పితిని. ధైర్యమనియే నేననుకొంటిని.

వసపిట్ట యనగానే వసకొమ్ము జ్ఞప్తికి వచ్చుచున్నది. పసిబిడ్డకు వస అరగదీసి నాలుకకు రాచినచో మాటలు త్వరగా వచ్చునని మన ప్రాంతమున అనాదిగా నమ్మకము కలదు. చిలుక కొరికిన జామపండు పెట్టుటయు అట్టిదే. మా యింట రెండును జరిగినవి. జామపండు మాట అటుండనిచ్చి వస సంగతి చెప్పెదను. ఆ వేరులో ఏసరోన్ అను పదార్థము కలదు. ఎలుకలపై పరీక్షలు జరిపి, అది హాని చేయునని తెలిసికొని, 1968లో అమెరికా ప్రభుత్వము వసను ఆహారములలో కలుపరాదని నిషేధించెను. దానివలన వాంతులు పట్టుకొని ఆసుపత్రి పాలైన పసిబిడ్డలు మన దక్షిణదేశమందును కలరు. పెద్దలనాటి ఆచారమును ఎగతాళి చేయుట నా యుద్దేశము కాదు. బిడ్డ మాటలాడవలయునను ఆరాటము వారికిని మనవలెనే యుండెను. వారికి వేరుపాయము లేదు, మనకు కలదు.

2018 వేసవిలో మా మనుమనికి రెండేండ్ల నాలుగు నెలలు నిండెను. అంగనవాడికి వచ్చిన వైద్యబృందము వారు పిల్లవానిని చూచి, చెవి పరీక్ష చేయింపుడని చెప్పిరట. ఈసారి మా అమ్మాయి నన్నడుగలేదు. భర్తను వెంటబెట్టుకొని గుంటూరు వెళ్ళి పరీక్ష చేయించుకొని వచ్చెను. పిల్లవానికి రెండు చెవులయందును లోపము కలదు. మోటు ధ్వనులు, పెద్ద ధ్వనులు కొంతవరకు వినబడును. సన్నని ధ్వనులు వినబడవు. అనగా డప్పు, లారీ కూత, నా పళ్ళెపు మ్రోత వానికి చేరును. స, శ, చ, త, క వంటి హల్లులు చేరవు. మనము "సీత" యని పిలిచినచో వానికి నడుమనున్న "ఈ" యను స్వరము మసకగా వినబడును. ముందు వెనుకల అక్షరములు గాలిలో కలసిపోవును. అట్టివాడు మాటనెట్లు నేర్చుకొనగలడు?

నా పళ్ళెపు పరీక్షలో దోషము అదియే. సంపూర్ణ బధిరత్వము అరుదు. అరకొరగా వినబడు పిల్లలే ఇల్లంతటిని భ్రమ పెట్టుదురు. తలుపు చప్పుడైన అదిరిపడుదురు, ఉరిమిన ఏడ్చుదురు. అది కాక నేలపై అడుగుల అదురును బట్టియు, గోడమీద పడిన నీడను బట్టియు, ఎదుటివారి కన్నులు పోయిన దిక్కును బట్టియు తిరుగు పిల్లలున్నారు. వారికి బుద్ధి లేకకాదు. మిక్కుటముగా నుండుటచేతనే మనలను మోసపుచ్చుచున్నారు. మరియొక భ్రమ కలదు. పూర్తిగా చెవిటివాడైన బిడ్డయు మొదటి మాసములలో ఊ కొట్టును, కేరింతలు వేయును. ఆరవ, ఏడవ మాసము దాటిన పిదప ఆ ధ్వనులు ముదిరి "తాతాతా", "బాబాబా" అను అక్షరములు కావలసినచోట కాక, క్రమముగా తగ్గిపోవును.

ఇప్పుడు బాపట్ల పిల్లవానిని, రేపల్లె పిల్లవానిని ప్రక్కప్రక్కన నిలిపి చూచెదము. ఇద్దరికిని రెండేండ్ల వయస్సున మాటలు లేవు. కాని బాపట్లవానికి చెప్పినదెల్ల తెలిసెడిది. "తాతగారి చెప్పులు తెమ్ము" అనిన వెదకి తెచ్చెడివాడు. కావలసినదానిని వ్రేలితో చూపి, తల్లి ముఖము వంక చూచి, మరల ఆ వస్తువు వంక చూచెడివాడు. వద్దనుటకు తల త్రిప్పెడివాడు, వెళ్ళువారికి చేయి యూపెడివాడు. చెక్కముక్కను బస్సు చేసి నడపెడివాడు. వానిలో మాట లేకుండెను గాని భాష నిండియుండెను. మా మనుమడో, ముఖము చూచి చేయి చూపి చెప్పినంతవరకే గ్రహించెడివాడు; వెనుకనుండి చెప్పినది గ్రహించుట లేదు. ఈ భేదము మా యింటివారందరి కన్నులయెదుట ఏడాదిన్నర కాలము ఆడుచుండెను. నేను నోటినే చూచితిని గాని తక్కినది చూడలేదు.

రెండేండ్ల పిల్లలలో నూటికి పదిమంది మొదలు పదునైదుమంది వరకు మాట ఆలస్యమైనవారుందురని వైద్యులు లెక్క వేసియున్నారు. వారిలో సగమునకు పైగా మూడు నాలుగేండ్ల వయస్సునకు తమంతట తామే తోటివారిని అందుకొందురు. కావున మనము చెప్పు "వచ్చునులే" యను మాట పూర్తిగా అబద్ధము కాదు. అందువలననే అది ప్రమాదకరము. సగము సార్లు నిజమైన మాటను ఎవరు శంకింతురు? తక్కిన సగములో ఏ బిడ్డ యున్నాడో ముందుగా చెప్పగలవాడు లేడు. బాపట్లవానికి చెవి పరీక్ష చేయింపకయే కాలము గడచిపోయినది. అది మా వారి వివేకము కాదు, అదృష్టము.

కనుక ఆగవచ్చును, కాని చెవి పరీక్ష అయిన తరువాత ఆగవలయును. ఆగినంతకాలమును బిడ్డను గమనించుచుండవలయును.

వయస్సులను గూర్చి స్థూలముగా చెప్పెదను. తొమ్మిది నెలలకు బిడ్డ అక్షరములు కూర్చి పలుకవలయును. ఏడాదిలోపల పేరు పెట్టి పిలిచిన తిరిగి చూడవలయును. ఏడాది దాటిన రెండు మూడు నెలలలో చందమామను, కాకిని వ్రేలితో చూపవలయును. మొదటి మాట సాధారణముగా ఏడాదికి అటునిటుగా వచ్చును. 16 నెలలు నిండినను ఒక్క మాటయు రానిచో, రెండేండ్లు నిండినను "అమ్మ దా", "పాలు వద్దు" అని రెండు మాటలు తానుగా కలిపి చెప్పలేనిచో, ఇక సంక్రాంతి వెళ్ళనిండు, కోతలు కానిండు అని అనరాదు. రెండేండ్ల పిల్లలు పలుకు మాటలు సాధారణముగా ఏబదికి తక్కువ కావు. ఉచ్చారణ సంగతి వేరు. మూడేండ్లవాడు రాముని "లాముడు" అనినచో, ళకారమును పలుకలేనిచో దిగులు పడనక్కరలేదు. ఆ ధ్వనులు ఆలస్యముగా కుదురుకొనును. మూడేండ్లవాడు చెప్పినదానిలో ముప్పాతిక పాలు పొరుగువారికి తెలియుచున్నదా లేదా అనునది చూడవలయును.

వీటన్నిటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. వచ్చిన మాటలు పోయినచో ఒక్క వారమైనను ఆగరాదు. నిన్నటివరకు "అత్త", "కుక్క" అని పలికి, ఇప్పుడు మూగపోయిన బిడ్డను, వయస్సుతో నిమిత్తము లేకుండ, వైద్యునికి చూపవలయును. పేరు పెట్టి పిలిచిన పలుకక, కన్నులలోనికి చూడక, వ్రేలు చూపక, ఒకే ఆటను గంటల తరబడి ఒంటిగా ఆడుకొను బిడ్డయు అట్టివాడే. చెవులు బాగుండియు ఈ లక్షణములున్నచో ఆటిజమేమో యని వైద్యులు విచారింతురు. ఆ పేరు విని బెదరి ఇంట దాచుకొను కుటుంబములను నేనెరుగుదును. త్వరగా ప్రారంభించిన శిక్షణ వలన ఆ పిల్లలు ఎంతయో బాగుపడుదురు.

మన ప్రాంతమున ప్రత్యేకముగా చెప్పవలసినది మేనరికము. మేనమామకును అక్క కూతురునకును, మేనత్త కుమారునకును మేనమామ కూతురునకును పెండ్లి చేయుట మనకు పరిపాటి. పొలము చెదరదు, పిల్ల కన్నుల ముందే యుండును అని మనమే కుదుర్చుదుము. రక్తసంబంధముగల దంపతులకు పుట్టుచెవుడుగల బిడ్డలు కలుగు అవకాశము ఇతరులకంటె హెచ్చు. అయిపోయిన పెండ్లిండ్లను గూర్చి ఇప్పుడు తగవు వలదు. కాని మేనరికపు దంపతుల బిడ్డకు పురిటి యాసుపత్రిలోనే చెవి పరీక్ష చేయించుట మన బాధ్యత. నెలలు నిండక పుట్టిన బిడ్డ, పచ్చకామెర్లు ముదిరి చికిత్స పొందిన బిడ్డ, మెదడువాపు జ్వరము వచ్చిన బిడ్డ, వంశములో చిన్ననాటినుండి చెవుడుగలవారున్న బిడ్డ, వీరి విషయమునను అంతే. నిజమునకు ప్రతి శిశువునకును ఆ పరీక్ష చేయించుట మేలు. వేయిమందిలో ఒకరు మొదలు ముగ్గురు వరకు వినికిడి లోపముతో పుట్టుచున్నారు.

పరీక్ష యనగానే కోతలు, సూదులు అని భయపడవలదు. బిడ్డ నిద్రించుచుండగా చెవిలో చిన్న బిరడా వంటిదానిని ఉంచి సన్నని ధ్వనిని పంపుదురు. లోపలి చెవి బాగున్నచో దాని ప్రతిధ్వని యంత్రమునకు అందును. దీనిని ఓ.ఏ.ఇ. అందురు, కొలది నిమిషముల పని. అందు అనుమానము తోచినచో నుదుటను, చెవుల వెనుకను తీగలు అతికించి, ధ్వనికి మెదడు పలుకుచున్నదా లేదా యని చూతురు. దానిని బెరా పరీక్ష యందురు. మాటలాడలేని బిడ్డకు చెవి పరీక్ష ఎట్లు చేయుదురని నేనును సందేహించినవాడనే. ఈ యంత్రములు బిడ్డను ప్రశ్న యడుగవు.

చెవిలో దోషమని తేలిన ప్రతిసారియు అది శాశ్వతమనుకొనరాదు. పదేపదే జలుబు చేయు పిల్లలకు కర్ణభేరి వెనుక నీరు చేరి వినికిడి మందగించును. అది చికిత్సతో మానును. ఉపేక్షించినచో మాటలు నేర్చుకొనవలసిన మాసములను తినివేయును. నాలుక క్రింది తీగ కోయించినచో మాటలు వచ్చునని కొందరందురు. ఆ తీగ బిగువుగా నున్నచో పాలు త్రాగుట కష్టము కావచ్చును, ఒకటి రెండు ధ్వనులు తొట్రుపడవచ్చును. మాటలే రాకపోవుటకు అది కారణము కాదు. ఇంట తెలుగు, పొరుగున ఉర్దూ వినుటచేత బిడ్డకు మాట ఆగిపోయినదనుటయు సరికాదు. రెండు భాషల నడుమ పెరిగిన పిల్లలు రెండును నేర్చుకొందురు.

సెల్‌ఫోను మాట చెప్పక తప్పదు. అన్నము తినిపించుటకు బిడ్డ చేతికి దానిని ఇచ్చువారిలో తాతలే ముందున్నారు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండేండ్లలోపు పిల్లలకు తెరల ముందు కూర్చుండుట వలదనియు, అటుపిమ్మట నాలుగేండ్ల వరకు దినమునకు గంటకు మించరాదనియు చెప్పెను. ఫోనులోని బొమ్మ మాటలాడును గాని బిడ్డ పలికినచో బదులు పలుకదు. బిడ్డకు మాట వచ్చునది తాను "ఊ" అనగా మనము "ఏమిరా" అనుటవలననే. అయితే ఒక్కటి గుర్తుంచుకొనుడు. ఫోను మాన్పించితిమి, ఇక చూతమని మరల ఆరు నెలలు గడపరాదు. ఫోను మాన్పించుట, పరీక్ష చేయించుట, రెండును ఒకే వారమున కావలసిన పనులు.

ఇన్ని మాసముల తొందర యెందుకనిన, చెవినుండి మెదడునకు పోవు మార్గములు మొదటి మూడు నాలుగేండ్లలోనే చక్కబడును. ధ్వని చేరని భాగమును మెదడు ఇతర పనులకు వాడుకొనును. 1998లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున పండితులు వినికిడి లోపముగల పిల్లలను పరిశీలించి, ఆరు నెలల వయస్సులోపల లోపము తెలిసి చికిత్స పొందినవారికి, అటుపిమ్మట తెలిసినవారికంటె భాష చాల మెరుగుగా నున్నదని తేల్చిరి. ఆరు నెలలనగా మనము అన్నప్రాశన చేయు కాలము!

ఎక్కడికి పోవలయునని అడుగుదురు. 2013లో కేంద్రప్రభుత్వము రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమును స్థాపించెను. ఆ పద్ధతి ప్రకారము వైద్యబృందము అంగనవాడి పిల్లలను ఏటికి రెండుమారులు చూడవలయును. వారు చూచు లోపములలో వినికిడియు, మాట యాలస్యమును కలవు. లోపము తోచిన పిల్లలను జిల్లాలోని సత్వర చికిత్సా కేంద్రమునకు పంపుదురు. కావున మొదట అంగనవాడి కార్యకర్తనో, ఆశా కార్యకర్తనో అడుగుడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున చీటి వ్రాయించుకొనుడు. 2022 ఏప్రిలులో బాపట్ల వేరు జిల్లా యయినది, రేపల్లె దానిలో చేరినది, తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. ఏ జిల్లావారైనను గుంటూరు పోవుట మనకు అలవాటే; రైలు, బస్సు రెండును కలవు. పెద్ద సంస్థలు కావలసినచో సికిందరాబాదులో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ శాఖయు, మైసూరులో 1965లో స్థాపింపబడిన అఖిల భారత వాక్ శ్రవణ సంస్థయు కలవు. వినికిడి యంత్రములతో పని జరుగని పిల్లలకు లోపలి చెవిలో అమర్చు కాక్లియర్ ఇంప్లాంటునకు కేంద్రప్రభుత్వపు ఏడిప్ పథకము క్రింద సహాయము కలదు. పుట్టుచెవుడుగల పిల్లల విషయమున దానికి ఐదేండ్ల వయస్సు హద్దు. హద్దు దాటిన పిమ్మట వచ్చిన తాతను అధికారులేమి చేయగలరు?

బాపట్లలో వినికిడి లోపముగల పిల్లలకు ప్రభుత్వ వసతి పాఠశాల కలదు. ఆ వీధిని పోవునప్పుడు పిల్లలు చేతులతో ముచ్చటించుకొనుట చూచియుందురు. ఆ చేతులలో పరిహాసమున్నది, అలుకయున్నది, పాఠమున్నది. నోటిమాట రానిచోటను భాష ఉండవచ్చునని నాకక్కడ తెలిసెను. ఏ మార్గమున బిడ్డకు భాష అందవలయునో నిపుణులతో కలసి తల్లిదండ్రులు నిర్ణయింతురు. ఏ మార్గమును లేక మాసములు గడచుట మాత్రము కూడదు.

మా మనుమనికి రెండు చెవులకును యంత్రములు అమర్చిరి. మొదటి దినమున వాడు సంతోషించెనని చెప్పవలయునని యున్నది గాని, వాడు జడిసి యేడ్చెను. ప్రెషర్ కుక్కరు ఈల వేసినప్పుడు తల్లి కొంగు పట్టుకొనెను. వారమున రెండు దినములు స్పీచ్ థెరపిస్టు కడకు పోవలసివచ్చెను. ఇంట ఆమె మాకందరికిని పని పెట్టెను. బిడ్డ ముఖమునకు సమముగా కూర్చుండి మాటలాడవలయును. వాడు చూచుచున్న వస్తువు పేరునే చెప్పవలయును. "ఇది యేమి, ఇది యేమి" అని పరీక్షింపరాదు. వాడు "బ" అనినచో "ఔను, బంతి, ఎఱ్ఱబంతి" అని సాగదీయవలయును. ముప్పది యేండ్లు పిల్లలను ప్రశ్నలడిగి బ్రతికినవానికి ప్రశ్న మానుట యెంత కష్టమో మీరూహింపగలరు.

ఎనిమిదవ మాసమున వాడు మా అమ్మాయిని "అమ్మ" అని పిలిచెను. నన్ను పిలుచుటకు మరి రెండు నెలలు పట్టెను. ఇప్పుడు బడిలో తోటివారితో చదువుచున్నాడు. లెక్కలలో ముందున్నాడు, తెలుగు వాచకమున వెనుకబడియున్నాడు. ఆ వెనుకబాటు ఇంకెన్నాళ్ళుండునో చెప్పలేమని మాట నేర్పునామె యనును. పది నెలలనాడు తల్లి చెప్పినది; రెండేండ్ల నాలుగు నెలలకు పరీక్ష జరిగినది. నడుమనున్న పదునెనిమిది మాసములను నేను లెక్కించుకొనుచుందును. మా అమ్మాయి ఆ లెక్కను నాయెదుట ఎన్నడును ఎత్తలేదు.

మొన్నటి సెలవులలో వాడు తల్లితో రేపల్లె బండిలో మాయింటికి వచ్చెను. దారిలో వచ్చిన స్టేషనుల పేర్లు నాకు వరుసగా అప్పగించెను. భట్టిప్రోలు బాగుగనే పలికెను. వేమూరు తేలికగా వచ్చెను. చినరావూరు దగ్గర చకారము కొంచెము జారెను. మరల చెప్పుమని నేనడుగలేదు. "ఔను, చినరావూరు, తరువాత మన తెనాలి" అంటిని.